రాతిలో గవ్వలు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. బీఎడ్ అయిన మొదటి ఏడాది ఎవరికైనా అంతేనేమో. వయసు ఇరవై మూడు, ఊరు తాడేపల్లిగూడెం, ఉద్యోగం కొల్లేటి లంకల్లో ఒక బడికి సోషల్ మాస్టారుగా. చుట్టూ చేపల చెరువులే; చెరువుగట్టుకన్నా ఎత్తయినదేదీ కంటికి ఆనేది కాదు. (నేను చూసిన కొండలన్నీ బస్సు కిటికీలోంచే లెండి.) అయినా ఒక మధ్యాహ్నం ఏడో తరగతికి ఎడారి పర్వతాల పాఠం గట్టిగా అందుకున్నాను. “అక్కడ చెట్టుండదు, నీటిచుక్క ఉండదు, చలి అన్నదే తెలీదు. ఎండిన రాయి, అంతే,” అన్నాను.

గుమ్మంలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ నిలబడి ఉంది. మస్కట్‌లో ఎవరింట్లోనో ఆరేళ్లు పనిచేసి వచ్చిందని పిల్లలు ఆవిణ్ని మస్కట్ పిన్ని అనేవారు.

“అలాక్కాదండి మాస్టారూ,” అంది మెల్లగా. “మా యజమానులు నన్నూ కొండ మీదికి తీసుకెళ్లేవారండి. పైన చలికి దుప్పటి కప్పుకునేవాళ్లం. మెలికలు తిరిగిన చెట్లున్నాయండి. పక్కనే లోయ, తొంగిచూస్తే కళ్లు తిరుగుతాయి. రాళ్లలో గవ్వలు కూడా ఉన్నాయండి.”

పిల్లలందరూ నా వంక చూశారు. “గవ్వలా? కొల్లేరు నుంచి మీ సంచీలో పడి వెళ్లుంటాయి పిన్నిగారూ,” అన్నాను. తరగతంతా విరగబడి నవ్వింది, అందరికన్నా ఎక్కువ నేను. ఆవిడా నవ్వి, “అంతేనేమో లెండి,” అని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గుమ్మం దగ్గరికి రాలేదు. పరీక్షలో ‘ఎడారి పర్వతం మీద ఏమీ ఉండదు’ అని రాసిన వాళ్లందరికీ పూర్తి మార్కులు వేశాను కూడా.

చాలా ఏళ్ల తర్వాత, మొన్నామధ్య ఏలూరులో టీచర్ల శిక్షణలో మస్కట్ ఉన్న ఒమన్ దేశపు కొండల వీడియో చూపించారు. లోయ, మెలికల చెట్లు, పొద్దున్నే మంచు పట్టిన నేల. సముద్రం అడుగున ఏర్పడిన రాయే పైకి లేచి కొండ అయిందట. రాతిలో గవ్వల అచ్చులు. పక్కాయన నా ముఖం చూసి, “ఒంట్లో బాగాలేదాండీ?” అని అడిగాడు.

ఆదివారం అత్తిలి వెళ్లాను. పిన్ని ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. “తప్పు నాదేనండి. ఆ కొండ గురించి ఇప్పుడు చెప్పండి, రాసుకుంటాను,” అని నోట్‌బుక్ తీశాను.

ఆవిడ టీ గ్లాసు నా ముందు పెట్టింది. “ఇప్పుడేం సరిగ్గా గుర్తురావట్లేదండి. అప్పుడైతే రోజూ కళ్లముందే ఉండేది. పిల్లలకి చెబుదామనే వచ్చానండి ఆ రోజు.”

టీ తాగి లేచాను. తిరుగు బస్సులో నోట్‌బుక్ తెరిస్తే పైన తేదీ, దాని కింద ‘ఎడారి పర్వతం’ అన్న శీర్షిక, స్కేలు పెట్టి కొట్టిన గీత. ఇంత వయసొచ్చినా మాస్టారు మాస్టారే అని నవ్వుకున్నాను. గీత కింద పేజీ ఖాళీగానే ఉంది.