సూది మాట, స్కానింగు మాట

తెలంగాణ రాకముందు సంగతి. గొంతు కింద గడ్డ కనిపించేనాటికి నేను నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పని చేసేదాన్ని. అప్పటికి నాకింకా అక్షరాలు రావు. దవాఖానా పనులన్నీ ఉప్పల్లో ఉండే మా అక్కే చూసుకునేది. పరీక్షలు నాకు, డాక్టరుతో మాటలు అక్కకు. రోగి ముందర రోగం ఊసెత్తకూడదని మా ఇంట్లో పట్టింపు. నాకూ అది తప్పనిపించలేదు.

ముందు స్కానింగు తీశారు. తర్వాత గడ్డలో సన్నటి సూది గుచ్చి, లాగినదాన్ని పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు అక్క డాక్టరు గదిలోంచి బయటకు వచ్చింది.

"ఆపరేషన్ జెయ్యాల్నట. ఫికర్ జెయ్యకు."

"సూది పరీక్షల ఏమొచ్చింది అక్కా?"

"నీకెందుకే గవన్నీ? నేనున్న గద!"

ఆ ధైర్యంతోనే వేలిముద్ర వేశాను. థైరాయిడ్ మొత్తం తీసేశారు.

తీసినదాంట్లో క్యాన్సర్ లేదని తెలిసిన రోజు అక్క సంబరం ఇంతా అంతా కాదు. నన్నూ లోపలికి లాక్కెళ్ళి, "దేవుని లెక్క కాపాడిన్రు సారూ" అని దండం పెట్టింది.

డాక్టరు నాతో మామూలుగానే అన్నాడు. "సూది పరీక్షలోనే లేదని వచ్చిందమ్మా. స్కానింగులో మాత్రం అనుమానంగా కనిపించింది. రెండూ కలవలేదు కనుక కొన్ని నెలలాగి మళ్ళీ సూది పరీక్ష చేద్దామన్నాను. మీకు ఆపరేషనే కావాలని మీ అక్క చెప్పింది."

బస్‌స్టాపులో అక్కను నిలదీశాను. "నేనెప్పుడన్న గట్ల?"

"గింత సూదికి ఏం ఎరుకనే? గంత పెద్ద మిషన్ల బొమ్మ పడ్డది. అదే అసలు పరీక్ష అనుకున్న."

"నాకొక మాట జెప్తే ఏమైతుండె?"

"జెప్తే ఒప్పుకుంటుంటివా? సూదిల మంచిగొచ్చిందని తెల్లారే డ్యూటీకి ఉరుకుతుంటివి. రేపు నీకేమన్నయితే అమ్మకు నేను మొకమెట్ల సూపియ్యాలె?"

బస్సు వస్తే ఎక్కాను.

ఇప్పటికీ పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. దానికి అలవాటుపడ్డాను. మరొకటి మాత్రం మింగుడుపడదు. ఆపరేషనుకు ముందు, ఇక చచ్చిపోతానని, నా బిడ్డను చూసుకొమ్మని అక్క చేతిలో చెయ్యివేసి ఏడ్చాను. సూదిలో ఏమొచ్చిందో అప్పటికే ఆమెకు తెలుసు. తెలిసి కూడా, చూసుకుంటానని నాకు మాటిచ్చింది.