పోస్టుకార్డు మీది సముద్రం

ఆమెను అందరూ టికెట్టమ్మ అనేవారు. బస్‌స్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుని కూర్చునే ఆమె జుట్టు నెరిసింది. రిటైరయ్యాక కూడా ఆ పేరు ఆమెను వదల్లేదు. దారిలో ఎవరైనా "టికెట్టమ్మా, చిల్లరుందా?" అని ఏడిపిస్తే, "లేదు, దిగి నడు" అని నవ్వేది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముణ్ణి చదివించి ఒక దారిలో పెట్టి, మిగిలినదానితో సముద్రానికి రెండు వీధుల ఇవతల చిన్న మేడ కొనుక్కుంది. కింద తనుండి, పైగదిని సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకివ్వాలని ఆశ.

ఆశ ఉంది గానీ మనుషులే రాలేదు. మంచం మీద ఆమె మడతపెట్టిన దుప్పటి నెలల తరబడి ఆ మడతలోనే ఉండిపోయింది. అప్పుడు తమ్ముడు సలహా చెప్పాడు. "పోస్టుకార్డులు అచ్చేయించక్కా. ఫోన్లో చూసింది ఫోన్లోనే మర్చిపోతారు. చేతిలో పెడితే ఇంట్లో ఎక్కడో ఒకచోట పడుంటుంది."

ఫొటో తీయించే ముందురోజు పక్కింటి పెయింటరు నిచ్చెన వేసుకుని వచ్చి, బాల్కనీ కమ్మీలకు తన దగ్గర మిగిలిన నీలం రంగు వేసిపెట్టాడు. అతను ఆమెను అక్కా అనేవాడు. సొంత తమ్ముడి కంటే ఎక్కువ చనువు. ఏమైనా ఇవ్వబోతే, "నీ గది నిండితే మన వీధికే కళ, ఊరుకో అక్కా" అని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. తెరిచిన కిటికీ, నీలం కమ్మీలు, వాటి వెనక పరుచుకున్న సముద్రం. కింది అంచున పెయింటరు ఇంటి డాబా కాస్త కనబడుతుంటే, కార్డులు అచ్చువేసే ప్రెస్సాయన దాన్ని కత్తిరించేశాడు. "చూడండి, సముద్రం మీ గడప దాకా వచ్చేసింది" అన్నాడు. 'కిటికీ తెరిస్తే సముద్రం' అన్న మాట కూడా ఆయనే రాసిచ్చాడు.

ఆమె ఆ కార్డులు సంచీలో వేసుకుని ఊరంతా తిరిగింది. పాత స్నేహం కొద్దీ కండక్టర్లు బస్సుల్లో పంచారు. పళ్ల డాక్టరుగారి వరండాలో తనే కొన్ని పెట్టింది. పన్ను పీకించుకోవడానికి కూర్చున్నవాడికి అక్కడ తప్ప ఇంకెక్కడున్నా బాగుండునని ఉంటుందని ఆమె లెక్క. లెక్క తప్పలేదు. జనం రావడం మొదలైంది. పైగది బల్ల మీద కార్డులు, పెన్ను, స్టాంపులు పెట్టి ఉంచేది. వచ్చినవాళ్లు తమవాళ్లకు నాలుగు ముక్కలు రాసేవారు. ఆ కార్డు అందుకున్నవాళ్లు తర్వాతి సెలవులకు దిగేవారు. ఉత్సాహం పట్టలేక ఆమె ఈసారి పెద్ద కట్టే వేయించింది.

ఆ కట్ట ఇంకా విప్పనేలేదు, పక్కింటి డాబా మీద ఇనప చువ్వలు లేచాయి.

"ఏంటి తమ్ముడూ, ఇది?" అని గోడ మీంచి అడిగింది.

"అమ్మకి గదక్కా. కింద గోడలన్నీ చెమ్మ, ఊపిరాడక అల్లాడిపోతోంది. పైన పొడిగా ఉండేచోట ఉంచమన్నాడు డాక్టరు."

"మంచి పని" అంది నోటితో. పైకెళ్లి కిటికీ తెరిచి నిలబడింది. చువ్వల సందుల్లోంచి సముద్రం ముక్కలు ముక్కలుగా కనిపించింది. గోడ లేస్తే ఆ ముక్కలు కూడా మిగలవు. ముసలమ్మ పేరు చెప్పి గది కట్టి రేపు వీళ్లూ అద్దెకిచ్చుకుంటారేమో అనుకుంది. అలాంటి మనుషులు కాదని తెలుసు. అయినా అనుకుంది. అలా అనుకుంటేనే కాలు ముందుకు పడుతుంది మరి.

టౌన్ ఆఫీసులో గుమస్తా దగ్గరకెళ్లి, ఏదో ఊరికే కనుక్కోవడానికి వచ్చినట్టు, "గోడకి గోడ ఆనించి పైన కట్టొచ్చాండీ?" అని అడిగింది. ఎక్కడని ఆయన అడిగితే వీధి చెప్పింది. ఇల్లు కూడా చెప్పింది.

"నా పేరు బయటికి రాదు కదా?"

"ఎందుకొస్తుందమ్మా!"

కొద్దిరోజుల్లోనే ఆఫీసు మనిషి వచ్చి, అనుమతి లేదని పని ఆపించేసి వెళ్లాడు. మెట్ల పక్కన కలిపిన సిమెంటు అలాగే గట్టిపడిపోయింది. "ఎవడి కళ్లు పడ్డాయో అక్కా" అని పెయింటరు గోడ దగ్గర నిలబడి చెబుతుంటే, ఆమె ఆరేసిన బట్టల్నే మళ్లీ దులిపి ఆరేసింది. పొద్దున్నే గోడ అవతలనుంచి ముసలమ్మ దగ్గు వినిపించేది. పైగదిలో అతిథులు పోస్టుకార్డుల మీద "ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉందో" అని రాసుకునేవారు. అవి చూసినప్పుడల్లా ఆమె ఈరోజు వెళ్లి చెప్పేద్దామనుకునేది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగేది.

ఒకరోజు పెయింటరే వచ్చాడు. "ఆఫీసులంటే నాకు నోరు పెగలదక్కా. జన్మంతా జనంతో మాట్లాడిన మనిషివి. నువ్వు తోడొస్తే చాలు."

కాదనడానికి ఆమెకు సాకు దొరకలేదు. దారంతా అతను ఏం మాట్లాడాలో ఒకటికి రెండుసార్లు చెప్పి చూసుకుంటూ నడిచాడు. ఆఫీసులో అడుగుపెట్టగానే గుమస్తా తలెత్తి, మర్యాదగా నవ్వాడు.

"రండమ్మా, రండి. మీరు చెప్పిన పని ఆపించేశాంగా. మళ్లీ మొదలెట్టారా ఏంటి?"

పెయింటరు మొదట అర్థంకానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. తల దించుకుని గోళ్లలో ఎండిన రంగు గీక్కుంటూ నిలబడ్డాడు.

"నేనే తమ్ముడూ" అంది ఆమె. గుమస్తా వైపు తిరిగి, "నాకేం అభ్యంతరం లేదు. కట్టుకోనివ్వండి" అంది.

"ఆపించినంత తేలిక కాదమ్మా. ఇంజనీరుగారు వచ్చి చూడాలి. ఆయనేమో సెలవులో ఉన్నారు."

తిరిగొచ్చేటప్పుడు ఆమె ఏదేదో చెప్పింది. కార్డులంది, బుద్ధి గడ్డి తిందంది, ఏడ్చింది. అతను ఆమె నడకకు తగ్గట్టే నెమ్మదిగా నడిచాడు. ఇంటి దగ్గరికొచ్చాక ఒకే మాటన్నాడు.

"అమ్మకి చెప్పకండి. మీరంటే ఆమెకి ప్రాణం."

అన్నేళ్లలో అతను ఆమెను మీరు అనడం అదే మొదలు. తిట్టినా బాగుండేదనుకుంటూ ఇంట్లోకెళ్లి తలుపేసుకుని కూర్చుంది.

ఇంజనీరు సెలవు ముగించుకుని వచ్చేలోపే వానలు పట్టుకున్నాయి. కింది గది గోడలు నీళ్లు కక్కాయి. ముసలమ్మను ఆసుపత్రిలో చేర్చారు. టికెట్టమ్మ చూడ్డానికి వెళ్తే, ముసలమ్మ మాస్కు పక్కకు జరుపుకుని ఆమె చేయి పట్టుకుంది.

"మావాడికి తోడుగా ఆఫీసుకెళ్లావంట కదమ్మాయీ. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు చెప్పు."

మంచం అవతల పెయింటరు భార్య నిలబడి ఉంది. ఆమెకు అంతా తెలుసు. కుర్చీ ముందుకు జరిపింది. ఆ కుర్చీలో కూర్చోవడం కంటే నేల చీలి లోపలికి పోవడం సుఖమనిపించింది టికెట్టమ్మకు.

ముసలమ్మ బతికి బయటపడింది గానీ నడక పోయింది. వానలు వెలిశాక అనుమతి వచ్చింది, గది లేచింది. టికెట్టమ్మ కిటికీ ఎదురుగా ఇప్పుడు సున్నం వేసిన గోడ, అందులో ఒక కిటికీ. "ఉన్న కార్డులు పంచేయండి, వచ్చాక ఎవరు పోట్లాడతారు?" అన్నాడు ప్రెస్సాయన. ఆమె వినలేదు. కట్ట విప్పి, ప్రతి కార్డు మీదా 'గదిలోంచి సముద్రం కనబడదు, రెండు వీధులు నడవాలి' అని తన చేత్తో రాసి పంచింది. వచ్చేవాళ్లు తగ్గారు. కొందరు ఆ మాట చదివి నవ్వుకుని మరీ వచ్చారు.

పక్కింటివాళ్లు మాటలు మానలేదు. పండో పువ్వో అటూ ఇటూ వెళ్తూనే ఉంది. పెయింటరు మాత్రం మీరు అనడం మానలేదు.

ముసలమ్మకు ఏమీ తెలియదు. కొత్త గదిలో తన మంచాన్ని సముద్రం వైపున్న కిటికీ దగ్గర వేయించుకుంది. పొద్దున్నే మెడ ఇటువైపు కిటికీకి తిప్పి, "అమ్మాయీ, ఇవాళ నీళ్లు పచ్చగా ఉన్నాయి" అనో, "పడవలన్నీ ఒడ్డునే పడుకున్నాయి" అనో కేకేసి చెబుతుంది. టికెట్టమ్మ బాల్కనీలో నిలబడి వింటుంది.

ఒకరోజు ముసలమ్మ ఉన్నట్టుండి అడిగింది. "మా గది నీకు అడ్డమొచ్చిందా అమ్మాయీ?"

టికెట్టమ్మ కమ్మీ పట్టుకుంది. నిజం చెప్పబోయింది. కింద వాకిట్లో పెయింటరు రంగు కలుపుతున్న కర్రను ఆపి, తలెత్తి చూశాడు.

"లేదు పిన్నీ" అంది. "గాలి బాగా వస్తోందా?"

"ఓ, చాలా" అంది ముసలమ్మ.