గొంతు లేకుండా పాట అందించిన ఆదివారం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, నా చీకటి కాలం గురించి చెప్తాను, అయితే ముందే ఒక మాట, ఇందులో నేను తాగలేదు, జైలుకు పోలేదు, పెద్ద సాక్ష్యం కోసం చూస్తున్నవాళ్లు నిరాశపడొద్దు, నాకు పోయింది గొంతొక్కటే. కానీ ఆరాధన నడిపించేవాడికి గొంతు పోవడమంటే నేతపనివాడికి చేతులు పోవడమే.

మగ్గాల పనికి వలస వచ్చిన మావాళ్ల సంఘం సూరత్‌లో, ఉధ్నా అనే పేటలో, ఒక పవర్‌లూమ్ కార్ఖానా పైనున్న అద్దె హాలులో కూడుతుంది. ఆదివారం కూడా కింద మగ్గాలు నడుస్తాయి, పైన కుర్చీలు వణుకుతాయి, కొత్తగా వచ్చినవాళ్లు ఆత్మ దిగిందనుకుంటారు. మా పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదు, ఇక్కడే పుట్టిన పిల్లలకు గుజరాతీ, హిందీ వచ్చు గానీ తెలుగు అక్షరం రాదు, కాబట్టి పాటల పుస్తకం మాకు విసనకర్రగానే ఎక్కువ పనికొస్తుంది. అందుకే నా అసలు పని పాడటం కాదు, అందించడం. ప్రతి చరణంలో ప్రతి లైనూ ఒక ఊపిరి ముందు నేను చెప్పాలి, దాన్ని పట్టుకుని సంఘం పాడాలి, ఒక్కరు కూడా వెనకబడకూడదు.

ఏళ్లుగా ఆ మగ్గాల మోత మీదుగా అరిచి అరిచి ఒక ఆదివారం పాట మధ్యలో నా గొంతు ఆగిపోయింది. మైకు ఉంది, నేనే దాన్ని నమ్మలేదు. స్వరపేటిక వాచిందనీ, కొన్ని నెలలు నోరు మెదపొద్దనీ, పాట సంగతి మాత్రం హామీ ఇవ్వలేననీ డాక్టరు చెప్పాడు. అమ్మ ఏడ్చింది, మా అక్క మాత్రం ఇల్లు ఇన్నాళ్లకు ప్రశాంతంగా ఉందని దేవుణ్ణి స్తుతించింది.

అంతలో బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగికుడు, నాలో ఏదో పాపం దాగి ఉండబట్టే దేవుడు నా నోరు మూశాడని అందరి ముందూ ప్రకటించాడు. ఎదురు జవాబులకు నేనెప్పుడూ వెతుక్కోను, ఆ రోజు జవాబుంది, గొంతే లేదు. ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

మా పాస్టరయ్య మంచివాడు, నాకు విశ్రాంతి ఇచ్చి, ఫోనులో పాటలు పెట్టి స్పీకరుకు కలిపాడు. ఒక కన్నీటి పాట మధ్యలో కుక్కర్ల ప్రకటన వచ్చింది, వెనకున్న తాత దానికీ ఆమేన్ అన్నాడు, నేను శబ్దం లేకుండా నవ్వాను. కానీ వారాలు గడిచేకొద్దీ నవ్వు పోయింది, ఎందుకంటే ఫోను ఎవరి కోసమూ ఆగదు, దాన్ని అందుకోలేక మావాళ్లు ఒక్కొక్కరే నోరు మూసి చేతులు కట్టుకున్నారు. వారమంతా కార్ఖానా యజమాని సేఠ్ చెప్పింది వినేవాళ్లు ఆదివారం కూడా వినేవాళ్లే అయిపోయారు. అది నాకు గొంతు పోయినదానికన్నా ఎక్కువ నొప్పి పుట్టించింది సహోదరులారా!

ఒక శనివారం రాత్రి మోకాళ్ల మీద, లోలోపలే ఇలా ప్రార్థించాను: "ప్రభువా, గొంతు నీది, తీసుకుంటే తీసుకో. పాట కూడా నీదే, దాన్ని మాత్రం ఫోనుకు ఇయ్యను." జవాబుగా వెలుగేమీ రాలేదు, ఉన్న కరెంటు పోయింది.

మరునాడు ముందుకు వెళ్లి స్పీకరు వైరు పీకేశాను. పాస్టరయ్య గాబరాగా లేచి, "ఏంది బిడ్డా, డాక్టర్ వద్దన్నడు గదా" అన్నాడు. నేను సంఘం వైపు తిరిగి, నోరు పెద్దగా తెరిచి, శబ్దం లేకుండా మొదటి లైను పెదవులతోనే చెప్పాను. ఎవరూ కదల్లేదు. మళ్లీ చెప్పాను. అక్వేరియంలో చేపలా ఉండి ఉంటాను.

అప్పుడు ముందు వరుసలోంచి రాజమ్మ పెద్దమ్మ, బతుకంతా మగ్గాల మధ్య గడిపిన మనిషి, వెనక్కి తిరిగింది.

"గట్ల చూస్తరేంది? కార్ఖానాల మనం చెవులతోని మాట్లాడుకుంటున్నమా? పిల్లగాని పెదవులు చూడుండ్రి."

నిజమే కదా, ఆ మోతలో మాట వినపడదు, పక్క మగ్గం మనిషి పెదవులు చూసే మావాళ్లు పెళ్లి సంబంధాలు కూడా మాట్లాడుకుంటారు! ఆమె పాట ఎత్తుకుంది, వెనక వరుసలు అందుకున్నాయి, పిల్లలు పెద్దల వెంట వచ్చారు, నేను పెదవులు కదపడం, వాళ్లు పాడటం, అలా చివరి చరణం దాకా వెళ్లాం, నేను ఏడ్చాను, అందువల్ల ఒక లైను తప్పు అందించాను, దాన్నీ గట్టిగానే పాడారు. దేవునికే మహిమ! నాకు వైద్యం సాగినన్నాళ్లూ ప్రతి ఆదివారం అలాగే ఆరాధించాం.

కొన్ని నెలలకు ప్రభువు నా గొంతు తిరిగి ఇచ్చాడు. డాక్టరు ఆశ్చర్యపోలేదు, ఆయనకు బయట ఇంకా చాలామంది రోగులు కూర్చుని ఉన్నారు, ఆశ్చర్యపోయింది నేనే. కాస్త బొంగురు మిగిలింది, మిగలనీ, అందించడానికి అది చాలు.

సహోదరులారా, మిమ్మల్ని రోగం నోరు మూయించిందో, మనుషులు మూయించారో నాకు తెలియదు. ఎవరు మూయించినా ఒప్పుకోకండి. మంచి మాటలు దొరికాక వస్తామని ఆగకండి, యేసయ్య దగ్గరికి ఉన్నవాళ్లు ఉన్నట్టే రండి, శబ్దం రాకపోతే పెదవులే కదపండి. ఆయన మీ పెదవులు చదువుకుంటాడు.