తీగ తిప్పిన వైపు

మా వాషింగ్ మెషీన్‌కు నడక వచ్చింది. ఈ అరబ్బు దేశంలో, రూవి పేటలో నాలుగో అంతస్తు ఫ్లాటు మాది. బట్టలు పిండే వేళకు అది మూలలోంచి బయలుదేరి గుమ్మం దాకా వస్తుంది. ఫ్లాటు ఓనరు బట్టలు ఎక్కువేస్తున్నారంటాడు, అమ్మినవాడు నేల వంకర అంటాడు. కింది ఫ్లాటాయన ఏమీ అనడు, చీపురు కర్రతో కప్పును పొడుస్తాడు. మొన్న శుక్రవారం దాన్ని ఆపుదామని అరచేయి ఆనించాను. వణుకు మోచేతి దాకా ఎక్కింది. ఖాజా భాయ్ గుర్తొచ్చాడు.

ఖాజా భాయ్‌ది కడప. బౌషర్ శివార్లలో పాతకాలపు కార్లు బాగుచేసే గ్యారేజీలో ఇరవై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతూ ఉండేవాడు. నేను జగిత్యాల నుంచి బీటెక్ పట్టాతో వచ్చి ఆయన కింద చేరాను. కాలేజీలో నాలుగేళ్లు ఇంజన్ల బొమ్మలు గీశాను. నేను గీసిన ఇంజను ఒక్కటీ వణకలేదు. ఖాజా భాయ్ పరీక్ష వేరు: నడుస్తున్న ఇంజను మీద సగం చాయ్ ఉన్న గ్లాసు పెట్టి, చేతులు కట్టుకొని, ఆ చాయ్ వంక చూస్తూ నిలబడేవాడు. నేను చేరిన మూడో నెలలో మా అర్బాబ్, అంటే యజమాని, తన తండ్రి కుర్రతనంలో నడిపిన కారు తెచ్చాడు. పెద్దాయన మళ్లీ అందులో సొంతూరు సూర్‌కు వెళ్లాలంటున్నాడట. నడుం నొప్పి కాబట్టి, కారు వణకకపోతేనే. మేం దాని మీద పెట్టిన గ్లాసు నడిచి వెళ్లి కిందపడింది.

కారణం క్రాంక్ షాఫ్ట్. పిస్టన్లు పైకీ కిందికీ ఊగడాన్ని గుండ్రటి తిరుగుడుగా మార్చే వంకీల కడ్డీ అది. ఆ కారు తయారైన రోజుల్లో ఆ వంకీలకు ఎదురు బరువులు పెట్టలేదు. చాలా ఏళ్ల తర్వాత వేరే ఎవరో ఆ బరువులను విడిగా చేసి అమ్మడం మొదలుపెట్టారు. అర్బాబ్ నాలుగు తెప్పించాడు. అరచేతి వెడల్పు ఇనుప ముక్కలు.

"ఏమప్పా ఇంజనీరూ, వణుకుతా ఉండేదానికి ఇంకా బరువు కడితే వణుకు తగ్గుతాదంట. ఎట్ల తగ్గుతాదో చెప్పు" అన్నాడు ఖాజా భాయ్. ఎగతాళి కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. ఆ ముక్కలొచ్చిన అట్టపెట్టె మీదే నాలుగు సమీకరణాలు రాసి చూపించాను. చాలాసేపు శ్రద్ధగా చూశాడు.

"చేతిరాత బాగుండాది" అన్నాడు.

రెండు రోజులు ఆ ముక్కల్ని చేతుల్లో తిప్పుతూ తిరిగాడు. మూడో రోజు పొద్దున్నే, "నువ్వెప్పుడన్నా కావడి మోసినావా?" అన్నాడు.

"లేదు భాయ్."

"నేనూ మోయలే. మోసేటోళ్లను చూసినా. ఒక్క పక్కనే బిందె కడితే మనిషి ఒరిగిపోతాడు. రెండో పక్కన ఇంకోటి కట్టు, బరువు రెండింతలు, నడక నిటారు. నువ్వు రాసిందదే కదా?"

అదే. నేను రాసింది అదేనని నాకూ అప్పుడే తెలిసింది.

బరువుల్ని తూచి, వంకీలకు ఎదురుగా బోల్టులతో బిగించాం. బోల్టులు వదులు కాకుండా వాటి తలల్లోని చిల్లుల గుండా తీగ దూర్చి, రెండేసి బోల్టుల్ని జతకట్టి మెలిపెట్టడం నా వంతు. ఒక్క బరువు ఊడినా ఇంజను గోడ పగులుతుంది. అలాంటి ఇంజను మళ్లీ దొరకదు. అంతా మూసి నడిపాం. గ్లాసు కదల్లేదు. చాయ్ మీద సన్నటి వలయాలు మాత్రం లేచాయి. ఖాజా భాయ్ ఆ చాయ్ తాగేశాడు. మా గ్యారేజీలో సర్టిఫికెట్ అంటే అదే.

మర్నాడు సూర్ ప్రయాణమనగా, గురువారం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. ఖుబ్జ్ రొట్టెల ప్యాకెట్ మూతికి చుట్టిన తీగ విప్పుతుంటే అనుమానం వచ్చింది: నాలుగో బరువుకు తీగ కట్టానా? కట్టిన గుర్తు లేదు. కట్టని గుర్తూ లేదు. నా ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. చెబితే అది పోవచ్చు. చెప్పకపోతే దారిలో, పెద్దాయన కూర్చుని ఉండగా, ఇంజను పోవచ్చు. ఆ రొట్టె ముక్కను నమలాల్సిన దానికంటే కొంచెం ఎక్కువసేపే నమిలాను.

"భాయ్, నాలుగోదానికి తీగ కట్టిన్నో లేదో యాదికొస్తలేదు."

ఆయన నా వంక చూశాడు. "ముందు తిను" అన్నాడు. తను కూడా తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, అర్బాబ్‌కు ఫోన్ చేశాడు. "కల్ నహీఁ అర్బాబ్, పర్సోఁ." రేపు కాదు, ఎల్లుండి అని. అవతలి కేకలు నాకు కూడా వినిపించాయి. ఎవరి వల్ల అని అడిగినట్టుంది. "మేరే సే" అన్నాడు ఖాజా భాయ్. తప్పు తనదేనని.

నూనె దించి, ఇంజను అడుగు చాంబరు విప్పి, టార్చి వేశాం. నాలుగో బరువుకు తీగ ఉంది. జడ అల్లినంత అందంగా ఉంది. నేను నవ్వబోయాను. ఖాజా భాయ్ చేతిలోని టార్చి మాత్రం అక్కడి నుంచి జరగలేదు. తీగ బోల్టును బిగిసే వైపు లాగి పట్టుకోవాలి. నేను కట్టింది వదులయ్యే వైపు లాగుతోంది.

"చదువుకున్నోడివి. తప్పు కూడా నీటుగా చేసినావ్" అంటూ దాన్ని కత్తిరించి నా చొక్కా జేబులో వేశాడు. కొత్త తీగను నా చేతే కట్టించాడు. శనివారం పెద్దాయన సూర్ వెళ్లాడు. తిరిగొస్తూ మాకు చేపలు తెచ్చాడు. నడుం బాగానే ఉందని అర్థం చేసుకున్నాం.

ఇప్పుడు వేరే కంపెనీలో పంపులు పరీక్షించి సంతకం పెట్టడం నా డ్యూటీ. సంతకానికి ముందు చేయి జేబులోని తాళాల గుత్తి మీదికి పోతుంది. ఆ వంకర తీగ దానికే ఉంది. అది తగిలాక, బాగా గుర్తున్న బోల్టుల్ని కూడా మళ్లీ వెళ్లి చూసి వస్తాను. ఇంటి దగ్గర ఇంత పట్టింపు లేదు. వాషింగ్ మెషీన్‌ను మూలన నిలబెట్టి, దాని కాళ్ల ఎత్తు సరిచేసి బిగించింది నేనే, మళ్లీ వంగి చూసింది లేదు. ఈ సంగతి ఓనరుకు ఇంకా చెప్పలేదు.

ఖాజా భాయ్ పని మానుకొని కడప వెళ్లిపోయే రోజు గ్యారేజీకి వెళ్లి కలిశాను. ఆ తీగను దాచుకున్నానని గుత్తి తీసి చూపించాను. ఒక మెచ్చుకోలు మాట ఆశించలేదంటే అబద్ధం. ఆయన దాన్ని వేళ్ల మధ్య పెట్టుకొని, ఏ వైపు మెలి తిరిగిందో మళ్లీ ఒకసారి చూశాడు.

"ఇది చెప్పినావ్, సరే" అన్నాడు. "చెప్పనివి ఎన్నుండాయో."