ఎర్రచీరలో నా బొమ్మ

గోదావరిఖనికి కాపురానికి వచ్చిన రెండో ఏడు మా ఆయన నా బొమ్మ గీయించాడు. గీసింది ఆయన దోస్తే. బొగ్గుబాయి దగ్గర డేంజర్ బోర్డులు రాసేవాడు. మూడు మధ్యాహ్నాలు నన్ను గడపకు ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, "వదినె, కదలకు" అంటూ గీశాడు. బోర్డులకు కలిపిన ఎరుపు మిగిలితే దాన్నే నా చీరకు పూశాడు. నేను కట్టుకున్నది ఆకుపచ్చ చీర.

బొమ్మ గోడకెక్కిందో లేదో, కాలనీ అంతా దానికి అర్థం చెప్పడానికి దిగింది. కూర్చున్నదాన్ని నేను. నన్ను ఒక్కరు అడిగితే ఒట్టు.

మంథని నుంచి వచ్చిన తెలుగు పంతులు కళ్లద్దాలు సవరించుకుని, "ఎరుపు కోపానికి గుర్తు. ఆ చూపు చూసినరా, లోపల ఏదో దుఃఖం దాచుకున్నది" అన్నాడు.

పక్క క్వార్టరు అక్క ఇంకో మెట్టెక్కింది. "దుఃఖం గాదు పంతులూ, అత్తపోరు. మొహం మీదనే ఉన్నది."

మా అత్త వింది. ఆ పూట అన్నం ముట్టలేదు. "నేను సతాయిస్తున్ననని గోడకెక్కి చెప్తున్నవా? రేపు సాయంత్రం బస్సుకు ఊరికి పోత" అని చీరలు మూట కట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో నాకున్న తోడు ఆమె ఒక్కతే.

అసలు సంగతి చెబుదామంటే నోరు రాదు. బాయిలో దిగేవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు తమ భయాన్ని పైకి అనరు. అంటే అదే జరుగుతుందని నమ్మకం. నేను బొమ్మకు కూర్చున్నది సరిగ్గా మొదటి షిఫ్టు విడిచే వేళ. బాయి సైరన్ కూత పడ్డప్పటి నుంచి ఆయన గడపలో కనబడేదాకా నా మొహం అట్లాగే ఉంటుంది. దోస్తు ఉన్నది ఉన్నట్టు గీశాడు, చీర తప్ప.

మరునాడు కూత పడింది. మూట పక్కన పెట్టుకుని అత్త గడప దగ్గర బియ్యం ఏరుతోంది. ఏరుతోందన్న మాటే గానీ చేతులు చాటలో, కళ్లు బాటలో. తీసిన రాళ్లు మళ్లీ బియ్యంలోకే పోతున్నాయి. నాకు ఒళ్లు మండింది. గోడకున్న అద్దం తీసి ఆమె మొహం ముందు పట్టాను.

"అత్తా, ఇగో సూడు. నీకు ఎవ్వరితోని కొట్లాట?"

అద్దంలోకి చూసింది. బొమ్మకేసి చూసింది. మళ్లీ అద్దంలోకి చూసింది.

అంతలో ఆయన నల్లటి మొహంతో గడపలోకి వచ్చి, "ఏంది, ఇద్దరు గట్ల సూస్తున్నరు?" అన్నాడు.

"ఏం లేదు కొడుకా. జల్ది తానం చెయ్యి, అన్నం సల్లారుతది" అంది అత్త, మూటను కాలితో మంచం కిందికి నెడుతూ.