పరంధామయ్య గాలి లెక్క

పరంధామయ్యకు ఒక్కటే పిచ్చి. నలుగురున్న గదిలో అడుగుపెడితే ముందు తలలు లెక్కపెడతాడు, తర్వాత కిటికీ తెరుస్తాడు, ఆ తర్వాతే నమస్కారం.

నాచారంలో ఏసీలు బిగించే ఓ చిన్న కంపెనీలో ఆయన డిజైన్ ఇంజినీరు. ఏ గదికి ఎన్ని టన్నుల మెషీన్ కావాలో ఆయన లెక్కకడితే, టైపిస్టు సూర్యకళ టైపు చేసేది. గోడల వేడి, లైట్ల వేడి, మనుషుల వేడి... చివర్న ఎప్పుడూ ఒకే వరుస: బయటిగాలి, మనిషికి నిమిషానికి పదిహేను ఘనపుటడుగులు. ఆ వరుస సూర్యకళ కళ్లు మూసుకుని కొట్టగలదు.

ఉప్పల్ నుంచి ఇద్దరూ ఒకే బస్సులో వచ్చేవాళ్లు. ముసురు పట్టిన రోజు బస్సంతా షట్టర్లు దించుకుంటే, ఈయన ఒక్కడే తనది పైకి లేపేవాడు.

"సార్, అందరం తడుస్తున్నం!" అని మొత్తుకున్నాడు కండక్టర్ ఓసారి.

"తడిస్తె ఆరుతరు. డెబ్బై మంది ఒకరిడిసిన గాలి ఒకరు పీలుస్తున్రు. దానికేం జేస్తవ్?"

పక్కసీటామె బస్సులోనే గొడుగు తెరిచింది. సూర్యకళ ఈ మనిషెవరో తనకు తెలియనట్టు టికెట్ మీది అంకెలు చదువుకుంది.

చిల్కానగర్‌లో పరంధామయ్య తన మేనకోడలి పెళ్లిచూపులకు వెళ్లి, చిన్న గదిలో పంతొమ్మిది మందిని లెక్కపెట్టి, పెళ్లికొడుకునే తీసుకెళ్లి అరుగు మీద కూర్చోబెట్టాడు. సంబంధం కుదిరింది. ఆ ఇంట్లో అబ్బాయికి ఊపిరాడింది అక్కడేనట!

తొంభై రెండు వేసవిలో ఈ పిచ్చి ఆయన ఉద్యోగం మీదికే వచ్చింది. ఓ మందుల కంపెనీ ప్యాకింగ్ హాలుకు ఏసీ కావాలంది. లోపల నలభై ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తారు. పరంధామయ్య పన్నెండున్నర టన్నులు తేల్చాడు. పోటీ కంపెనీ పదే చాలంది.

"ఆ బయటిగాలి తీసెయ్యండి," అన్నాడు యజమాని జనార్ధనరావు. "మండుటెండలో గాలిని లోపలికి లాక్కొచ్చి, దాన్ని చల్లబరచడానికి రెండున్నర టన్నులు ఎక్కువ పెట్టాలా? అసలు ఆ ఏసీ మాత్రలు చెమ్మగిల్లకుండా పెట్టేదండీ!"

"మాత్రలు ఊపిరి దీస్కోవు సార్. ప్యాకింగ్ జేసేటోళ్లు దీస్కుంటరు."

"రేపు వాళ్ల మేనేజర్ వస్తాడు. ఆ వరుస లేకుండా సంతకం పెట్టండి. లేదంటే వేరే ఉద్యోగం చూసుకోండి."

సూర్యకళ పరంధామయ్య వెనకే బయటికి నడిచింది. యాభై రెండేళ్ల మనిషికి కొత్త ఉద్యోగం ఎవరిస్తారు?

"జర తగ్గుండ్రి సార్, ఒక్క వరుసనే గదా," అని బతిమాలింది.

"ఆ వరుసల మనుషులున్నరు బిడ్డా."

మర్నాడు యజమాని గదిలో మీటింగ్. పరంధామయ్య అందరికంటే చివర వచ్చాడు, ఏడు తలలు లెక్కపెట్టాడు. తర్వాత కిటికీలన్నీ మూసి గడియపెట్టాడు! తలుపు కింద సందులో పేపరు కూడా దూర్చాడు. ఆరేళ్లలో ఈయన కిటికీ మూయగా సూర్యకళ చూడటం అదే మొదటిసారి.

ఏసీ హాయిగా తిరుగుతోంది. మేనేజర్ ఉమామహేశ్వర్ సిగరెట్ మీద సిగరెట్ కాల్చాడు. గంటన్నరకు జనార్ధనరావు ఆవలింతలు ఆపుకోలేకపోయాడు. ఉమామహేశ్వర్ నుదురు రుద్దుకుంటూ కిటికీ దగ్గరికి నడిచాడు. పరంధామయ్య వెళ్లి అడ్డంగా నిలబడ్డాడు.

"జరగండి, తల పగిలిపోతోంది!"

"ఎందుకు సార్? మస్తు సల్లగున్నది గదా."

"చల్లగుంటే చాలా? గాలి వద్దూ?"

"గాలి లెక్కల లేదు సార్."

పరంధామయ్య జనార్ధనరావు వైపు తిరిగాడు.

"గంటన్నరకే మీకు గిట్లైంది. ఆళ్లు ఎనిమిది గంటలు గూసుంటరు. ఉద్యోగం తీసేస్తె తీసెయ్యుండ్రి. ఆ వరుస లేకుంట నేను సంతకం పెట్ట!"

"పన్నెండున్నరే పెట్టండి మహాప్రభో, ముందు ఆ కిటికీ తెరవండి!" అన్నాడు ఉమామహేశ్వర్. జనార్ధనరావే లేచొచ్చి గడియ తీశాడు.

సాయంత్రం ఫైనల్ కాపీ కొడుతూ సూర్యకళ ఆగిపోయింది. ఇన్నాళ్లకు ఈయన తప్పు దొరికింది! పరుగెత్తుకెళ్లింది.

"సార్, నలభై రెండు పదిహేన్లు ఆరు వందల ముప్పై. మీరు ఆరు వందల నలభై అయిదు రాసిన్రు. ఒక మనిషి గాలి ఎక్కువొచ్చింది."

పరంధామయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"తప్పు గాదు బిడ్డా. కొలతలకు పోయిననాడు సూసిన. ఆడ సారలమ్మ అని ఒకామె ఉన్నది. ఏడో నెల."

సూర్యకళకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అది కనపడనీయకుండా ఆటపట్టించింది.

"మరి కవలలైతే ఎట్ల సార్?"

పరంధామయ్య నవ్వలేదు. ఆ కాగితం ఆమె చేతిలోంచి లాక్కుని, పెన్సిల్ వెతుక్కున్నాడు.