పిన్ని మార్చుకున్న మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ ఒక నమ్మకం ఉండేది. యాస అనేది ఎదుటివాళ్ళకే ఉంటుందనీ, మాది మాత్రం పుస్తకాల్లో రాసే తెలుగనీ. తిరువూరులో పుట్టి పెరిగినవాళ్ళం, మా మాటకు వంక పెట్టేదెవరు? మా నానమ్మ "వాన వచ్చుద్ది" అనేది, "బస్సు ఎల్లిపోయింది" అనేది. అవేవీ పుస్తకాల్లో ఉండవన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

మా బాబాయికి వరంగల్ అవతల, నర్సంపేట దగ్గరి పల్లె నుంచి పిల్లను తెచ్చారు. సంబంధం కుదిర్చింది మా తాతయ్యే. మిరపకాయల బేరాల మీద అటు తిరిగేటప్పుడు ఆ ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్నాడు. తండ్రి లేని పిల్ల, తల్లి ఒక్కతే కష్టపడి పెంచింది, మంచి మనుషులు అని చెప్పి నానమ్మను ఒప్పించాడు.

వచ్చిన కొత్తలో పిన్ని గలగలా మాట్లాడేది. "జర ఆగు బిడ్డా, జడ ఏస్త" అని నన్ను ముందు కూర్చోబెట్టుకుని, వాళ్ళ ఊరి చెరువు గురించీ, వాళ్ళ బర్రెల గురించీ చెబుతూనే ఉండేది. మా ఇంట్లో ఎవరూ ఆమెను తిట్టలేదు, పల్లెత్తు మాట అనలేదు. ఆమె అన్న మాటను తిరిగి అనేవాళ్ళు, అంతే. వంటింట్లోంచి "నాకెర్క లేదు" అని వినిపిస్తే, వరండాలోంచి బాబాయి "ఎర్క లేదంట" అని నవ్వేవాడు. చుట్టాలొస్తే నానమ్మ ముచ్చటగానే "ఏదీ, దీన్ని మీ ఊళ్ళో ఏమంటారో చెప్పమ్మా" అని అడిగేది. పిన్ని చెప్పేది. అందరూ నవ్వేవాళ్ళు. మొదట్లో ఆమె కూడా నవ్వేది.

అన్నిటికన్నా ఎక్కువ నవ్వు తెప్పించింది 'అవ్వ' అనే మాట. మా వైపు అవ్వ అంటే ముసలావిడ. పిన్ని వాళ్ళ వైపు అవ్వ అంటే కన్నతల్లి. ఒకరోజు పెరట్లో కూర్చుని "మా అవ్వ యాదికొస్తాంది" అని ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే, మా మేనత్త "ఇంత చిన్నపిల్లకి అవ్వ మీద బెంగేంటే!" అని పడీపడీ నవ్వింది. పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట మళ్ళీ మా ఇంట్లో వినిపించలేదు.

ముందు ఆమె తక్కువ మాట్లాడడం నేర్చుకుంది. తర్వాత మాలాగా మాట్లాడడం నేర్చుకుంది. నాకు జడ వేస్తూనే, చెవి దగ్గర చిన్నగా "దీన్ని మీరేమంటారు?" అని అడిగేది. నేను చెబితే పెదవులు మాత్రమే కదిపి రెండు మూడుసార్లు అనుకునేది. నాకది ఆటలా ఉండేది. ఏడాది తిరిగేసరికి ఆమె మాట వింటే ఎక్కడి పిల్లో కొత్తవాళ్ళు చెప్పలేకపోయేవాళ్ళు. మా నానమ్మకు అదెంత గర్వమో! కోడలు దారిలో పడిందని ఇరుగుపొరుగులతో చెప్పుకునేది.

అలాంటి రోజుల్లో పిన్ని వాళ్ళమ్మ కూతుర్ని చూడడానికి వచ్చింది. ఖమ్మం మీదుగా బస్సులు మారి, తలమీద మూటతో, మధ్యాహ్నం ఎండలో వచ్చింది. మూటలో సర్వపిండి ఉంది. బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ కలిపి, గిన్నెకు తట్టి కాల్చిన రొట్టె అది. పిన్నికి ప్రాణమట. గుమ్మంలోనే కూతుర్ని రెండు చేతులా పట్టుకుని "మంచిగున్నవా బిడ్డా?" అంది.

"బాగున్నానమ్మా. ప్రయాణం ఎలా జరిగింది? కాళ్ళు కడుక్కుని రా, అన్నం వడ్డిస్తాను" అంది పిన్ని.

ఆ తల్లి చేతులు కూతురి భుజాల మీద అలాగే ఆగిపోయాయి. వెనకనుంచి మా నానమ్మ "చూశారా వదినగారూ, మీ అమ్మాయి మా మాట ఎంత చక్కగా నేర్చుకుందో!" అంది. ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది. ఆ పూట నుంచీ కూతురితో మాట్లాడేటప్పుడు కూడా ఆచితూచి, కొత్త చుట్టంతో మాట్లాడినట్టే మాట్లాడింది. చాలా రోజులుందామని వచ్చిన మనిషి తెల్లారి బస్సుకే బయల్దేరింది.

బస్టాండుకు పిన్నితో నేనూ వెళ్ళాను. బస్సు వచ్చింది. ఎక్కబోతూ ఆవిడ వెనక్కి తిరిగి, "ఒక్కసారి అవ్వా అనవా బిడ్డా?" అని అడిగింది.

పిన్ని చుట్టూ చూసింది. మా వీధివాళ్ళు ఇద్దరు ముగ్గురు అక్కడే నిలబడి ఉన్నారు. "ఊరుకోమ్మా, అందరూ వింటారు" అంది మెల్లగా.

ఆవిడ తలూపి బస్సెక్కింది. పిన్ని తల్లిని ప్రాణాలతో చూడడం అదే ఆఖరు.

ఆ ఎండాకాలం సెలవుల్లోనే కబురొచ్చింది. జ్వరమొచ్చి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. తాతయ్య, బాబాయి, పిన్ని బయల్దేరారు. పిన్ని నా చెయ్యి పట్టుకుని వదలకపోయేసరికి నన్నూ తీసుకెళ్ళారు. దారి పొడుగునా ఆమె ఏడవలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మేము వెళ్ళేసరికి వాకిట్లో పందిరి కింద పడుకోబెట్టి ఉంచారు. కూతురి కోసమే ఆగారు. పిన్ని వెళ్ళి తల్లి పక్కన కూలబడి "అమ్మా... అమ్మా..." అంది. అరువు తెచ్చుకున్న గొంతులా ఉంది అది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దావిడ, పిన్నికి పెద్దమ్మ, ఆమె వీపు మీద చెయ్యి వేసి అంది. "గట్ల పిలిస్తె ఆమెకు ఎర్కవడది బిడ్డా. అవ్వా అని పిలువు."

పిన్ని నోరు తెరిచింది. ముందు పెదవులు మాత్రమే కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది. "అవ్వా! నన్నెవ్వలకు అప్పజెప్పి పోయినవే అవ్వా! ఒక్కపారి కండ్లు తెరిచి సూడే!" ఆమెకు అంత గొంతు ఉందని నాకు తెలియదు. మా ఇంట్లో నోట్లోనే దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఏం తిన్నదీ, ఎవరేమన్నదీ, ఎన్నిసార్లు తలుచుకున్నదీ అన్నీ తల్లికి చెప్పుకుంది. చెప్పుకోవలసినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబితే వినే మనిషి లేదు. మా బాబాయి పందిరి గుంజను పట్టుకుని తల వంచుకున్నాడు.

ఆ గొడవలో నాకు దాహం వేసింది. లోపలికి వెళ్ళి "మంచినీళ్ళు కావాలండీ" అన్నాను. అక్కడున్న పిల్లలు ఒక్కసారిగా కిసుక్కున నవ్వారు. "అండీ అంట, అండీ!" అని ఒకరితో ఒకరు అనుకున్నారు. నా చెవులు వేడెక్కాయి. నేనేం తప్పుగా అన్నానో తెలియలేదు. నా మాటకూ యాస ఉంటుందని, నవ్వేవాళ్ళుంటారని అప్పటిదాకా నేను ఎరగను.

అంత దుఃఖంలో ఉన్న ఆ పెద్దమ్మే లేచి వచ్చింది. "నవ్వకున్రి. ఆ పిల్లకు వాళ్ళవ్వ నేర్పిన మాట గది" అంది. చెంబుతో నీళ్ళిచ్చి, నేను తాగేదాకా తల నిమురుతూ నిలబడింది. తమ పిల్ల మాటకు నవ్విన ఇంటి నుంచి వచ్చినదాన్ని నేను. అప్పుడే పిన్ని నోట అదంతా ఆమె విన్నది కూడా. గుమ్మం దగ్గర నిలబడ్డ మా తాతయ్య కండువాతో కళ్ళు ఒత్తుకోవడం చూశాను.

ఇంటికొచ్చాక తాతయ్య అందరినీ పిలిచి, ఇకమీదట ఆ పిల్ల మాటకు ఎవరన్నా నవ్వితే ఈ ఇంట్లో తాను అన్నం ముట్టనన్నాడు. నానమ్మ పిన్నిని దగ్గరకు తీసుకుని ఏడ్చింది. "నీ మాటే మాట్లాడమ్మా. మేమెవరం మార్చుకోమనడానికి?" అన్నాడు తాతయ్య.

"ఎవరితో మాట్లాడను మామయ్యా?" అంది పిన్ని. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

తర్వాత మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. కానీ పిన్ని మాలాగే మాట్లాడింది, చివరిదాకా. పిల్లల్ని కన్నది, మా మాటలతోనే పెంచింది. ముసలితనంలో మంచాన పడ్డప్పుడు ఒకసారి నేను అడిగాను, మీ ఊరి మాట ఏదైనా చెప్పు పిన్నీ అని. చాలాసేపు ఆలోచించి, "నోటికి రావట్లేదే" అంది.

ఇప్పుడు నాకూ జుట్టు తెల్లబడింది. విస్సన్నపేట వెళ్ళే షేర్ ఆటోల్లో, ఆసుపత్రి బల్లల మీద, ఎక్కడెక్కడి మనుషులో నా పక్కన కూర్చుంటారు. మాట కొత్తగా వినిపిస్తే, మాది ఫలానా ఊరని వాళ్ళంతట వాళ్ళు చెబితే వింటాను. నేనై మాత్రం "మీదే ఊరండీ?" అని అడగను. అడిగిన మరుక్షణం మనిషి తన మాటను సర్దుకోవడం నాకు తెలుసు. వాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా ఊరికే ఊకొడుతూ కూర్చుంటాను.